వైద్యుని సాయంతో మరణం: మన దేశంలో చట్టబద్ధం కావాలా?

బొబ్బిలి మాస్టారు

నయం కాని జబ్బుతో బాధపడుతున్న మనిషి, తెలివి పూర్తిగా ఉన్నప్పుడే, ఇక చాలని నిర్ణయించుకుంటే, దాన్ని అమలు చేసుకోవడానికి వైద్యుడు సాయపడవచ్చా అన్నది నేను ఇక్కడ పెడుతున్న ప్రశ్న. ఆరు నెలలకు మించి బతకరని తేలిన వయోజనులకు ఈ అవకాశం కల్పించే బిల్లును, ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తించేలా, బ్రిటన్ కామన్స్ సభ 2025 జూన్ 20న 314 మంది అవునని, 291 మంది కాదని ఓటేయగా ఆమోదించింది. నెదర్లాండ్స్, బెల్జియం 2002లోనే చట్టాలు తెచ్చాయి. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో 1997 నుంచి ఇది అమల్లో ఉంది. అక్కడ వైద్యుడు మందు రాసిస్తాడే తప్ప తాగించడు, రోగి తనంతట తానే తీసుకోవాలి. మందు రాయించుకున్నవారిలో చెప్పుకోదగ్గ భాగం దాన్ని వాడకుండానే కన్నుమూస్తారట. బాధ మితిమీరితే ముగించుకునే వీలుందన్న భరోసాయే వారికి మిగిలిన రోజులు గడిపే ధైర్యం ఇస్తున్నదని నేను అర్థం చేసుకున్నాను.

ఇది మనకు పరాయి ఆలోచన అనేవారికి ఒక మాట. గంగ ఒడ్డున అన్నపానాలు మాని, ప్రాయోపవేశానికి కూర్చున్న పరీక్షిత్తు మహారాజును మనం పిరికివాడని అనుకోలేదు. 1982 నవంబరులో ఆహారం, మందులు మానేసి దేహం చాలించిన వినోబా భావేను ఆత్మహత్య చేసుకున్నాడని ఎవరూ అనలేదు. పుణ్యపురుషులకు గౌరవంగా ఒప్పుకున్న నిష్క్రమణను, కేన్సరుతో మంచం పట్టిన మామూలు రైతుకు ఎందుకు కాదంటున్నామో నాకు బోధపడదు. పార్టీల ప్రస్తావన లేకుండా, విషయం మీదే రాయమని అందరికీ మనవి.

విజయనగరం వకీలు

మాస్టారు గారికి నమస్కారం. ముందుగా మన దేశంలో ఇప్పటికే ఏది హక్కో, ఏది నేరమో విడదీసి చూడాలి, ఎందుకంటే చాలామంది రెండింటినీ ఒకే గాటన కడుతున్నారు.

జీవించే హక్కులో చనిపోయే హక్కు ఇమిడి లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో తేల్చింది. 2004లో, కండరాలు క్షీణించే జబ్బుతో ఆఖరి దశకు చేరిన హైదరాబాదు యువకుడొకరు, అవయవాలు పాడవకముందే వాటిని దానం చేసి వెళ్లిపోతానని కోరితే, ఆయన తల్లి అప్పటి మన హైకోర్టును ఆశ్రయించినా అనుమతి రాలేదు. ఆ తీర్పును నేను తప్పుపట్టను గాని, ఆ తల్లి ఏం అడిగిందో తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. తరువాత ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ కేసు వచ్చింది. 1973లో జరిగిన దాడిలో మెదడు దెబ్బతిని దశాబ్దాలుగా అచేతనంగా ఉన్న ఆమెకు ఆహారం ఆపాలన్న పిటిషన్‌ను 2011 మార్చిలో కోర్టు తోసిపుచ్చింది. ఆమెను సాకుతున్న ఆసుపత్రి సిబ్బంది అందుకు ససేమిరా అన్నారు. అయితే ఆ తీర్పే, హైకోర్టు అనుమతి ఉంటే ప్రాణాధార చికిత్సను ఆపవచ్చని మొదటిసారి దారి తెరిచింది.

2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గౌరవంగా మరణించే హక్కు, జీవించే హక్కునిచ్చే 21వ అధికరణంలో భాగమేనని చెప్పి, స్పృహ పోతే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే ముందస్తు వైద్య ఆదేశాన్ని, అంటే లివింగ్ విల్‌ను గుర్తించింది. ఆ తీర్పులో పెట్టిన షరతులు ఎంత కఠినమంటే, ఆచరణలో దాన్ని వాడుకోవడం దాదాపు అసాధ్యమైంది. 2023 జనవరిలో వాటిని సడలించి, మేజిస్ట్రేటు ముందు సంతకం చేయాల్సిన చోట నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని చాలన్నారు.

కాబట్టి వెంటిలేటరు వద్దనడం హక్కు. డయాలసిస్ మానేయడం హక్కు. ప్రాణం తీసే మందు ఇవ్వడం మాత్రం, రోగి కాళ్లావేళ్లా పడి అడిగినా, నేరమే. భారతీయ న్యాయ సంహిత 101వ సెక్షన్‌లోని ఐదో మినహాయింపు ప్రకారం, చనిపోయిన వయోజనుడి సమ్మతి ఉంటే అది హత్య కింద లెక్కకు రాదు గాని, శిక్షార్హమైన నరహత్యగా మిగులుతుంది. మందు సమకూర్చి చేతికిచ్చిన వైద్యుడి మీద 108వ సెక్షన్ కింద, ఆత్మహత్యకు తోడ్పడినందుకు, పదేళ్ల వరకు జైలు పడే కేసు పెట్టవచ్చు. ఈ గీత ఇక్కడే ఉండాలన్నది నా అభిప్రాయం. మరణాన్ని రానివ్వడానికీ, తెచ్చిపెట్టడానికీ మధ్య తేడా చెరిగిపోతే వైద్యుడిని రోగి చూసే చూపే మారిపోతుంది.

కవిటి కుర్రాడు

వకీలు గారు డయాలసిస్ మానేయడం హక్కు అన్నారు. శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో ఆ హక్కు ఎలా ఉంటుందో చెబుతాను.

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి వెతికినా కనిపించదు. ఇన్నేళ్ల పరిశోధనలు జరిగినా కారణం ఇదమిత్థమని ఎవరూ తేల్చలేదు. మా చిన్నాన్న కొబ్బరి చెట్లెక్కి దింపు తీసేవాడు. డయాలసిస్ మొదలయ్యాక వారానికి మూడుసార్లు సోంపేట వెళ్లాలి. ఆటో బాడుగ ఒక ఎత్తు, తోడు వెళ్లే పిన్ని జీడిపప్పు పనిలో కోల్పోయే కూలి మరొక ఎత్తు. మిషను మీద నుంచి దిగిన రోజు ఆయన ఏమీ తినలేడు, మర్నాడు కాస్త తేరుకుంటాడు, ఆ మర్నాడు మళ్లీ బయలుదేరాలి. నీళ్లు కూడా గ్లాసుతో కొలిచి తాగాలి. "నన్నొగ్గీయండిరా, ఇక రాను" అని ఆయన చాలాసార్లు అన్నాడు. మానేస్తే చాలామంది ఒకటి రెండు వారాల్లోనే పోతారని ఆయనకు తెలుసు. మా వీధిలో అలా పోయినవాళ్లను చూశాడు కాబట్టి తెలుసు.

ఆ రోజుల్లో ఎవరైనా వైద్యుడు వచ్చి ఇది స్వేచ్ఛగా తీసుకున్న నిర్ణయమేనా అని అడిగి ఉంటే, చిన్నాన్న తడుముకోకుండా అవునని సంతకం పెట్టి ఉండేవాడు. తెలివిలో లోపం లేదు, ఒత్తిడి చేసినవాళ్లు లేరు, జబ్బు నయమయ్యేది కాదు. ఏ దేశపు ఫారం తెచ్చినా అన్ని గడులూ నిండేవి. కాని డయాలసిస్ రోగుల పింఛను నెలకు పది వేలయ్యాక ఆయన ఆ మాట అనడం మానేశాడు. ఇప్పుడు మనవరాలి పెళ్లి గురించి మాట్లాడుతున్నాడు. జబ్బు తగ్గలేదు, సూదులు తగ్గలేదు. పిన్ని కూలి పోతోందన్న బాధ ఒక్కటే తగ్గింది. మాస్టారు గారు కోరే చట్టం అప్పటికే ఉండి ఉంటే, చట్టం ప్రకారం సక్రమంగానే మా చిన్నాన్న పోయి ఉండేవాడు.

రాజాం వెన్నెల

కవిటి తమ్ముడు రాసినది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా విభేదించాలి.

పేదవాడికి ఎంపిక నిజమైనది కాదు కాబట్టి ఎవరికీ ఎంపిక ఇవ్వకూడదంటే, ఆ శిక్ష ఎవరి మీద పడుతుందో చూడండి. మోటార్ న్యూరాన్ జబ్బు వచ్చిన మనిషిని ఊహించుకోండి. చేతులు, కాళ్లు, ఆ తరువాత మాట, మింగడం ఒక్కొక్కటీ పోతాయి, బుద్ధి మాత్రం చాలామందిలో చెక్కుచెదరదు. వకీలు గారు చెప్పిన హక్కు ఆయనకు ఎప్పుడు వర్తిస్తుంది? ఊపిరి ఆడక వెంటిలేటరు పెట్టాల్సిన రోజున, వద్దనడానికి. అంతవరకూ వద్దనడానికి ఆయన దగ్గర ఏ యంత్రమూ ఉండదు. యంత్రానికి కట్టి ఉన్నవాడికి గౌరవంగా పోయే హక్కు ఉండి, యంత్రం అవసరం లేకుండానే నరకం అనుభవిస్తున్నవాడికి లేకపోవడం ఏ తర్కానికీ నిలవదు. గొట్టం తీసే చేతికీ, మందు అందించే చేతికీ ఉద్దేశం ఒకటే, ఫలితమూ ఒకటే.

ఇంకొకటి. ఆరెగాన్‌లో మందు కోరినవారు చెప్పిన కారణాల్లో నొప్పి కంటే ముందు వరుసలో ఉన్నది, తమ పనులు తాము చేసుకోలేకపోతున్నామన్న వేదన. కాబట్టి పింఛను, నొప్పి తగ్గించే మార్ఫిన్, మంచి నర్సు అన్నీ ఉన్నా ఈ కోరిక కొందరిలో మిగులుతుంది. ఆ కొందరికి మనం ఏం జవాబు చెబుతాం?

శ్రీకాకుళం సిస్టర్

నేను ఐసీయూలో పనిచేసిన నర్సును. పేర్లు, ఆసుపత్రులు రాయను. ఈ చర్చలో అందరూ ఇకముందు ఏం జరగాలో మాట్లాడుతున్నారు, ఇప్పుడు ఏం జరుగుతున్నదో కూడా ఒకసారి చూడమని కోరుతున్నాను.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పెద్ద కేసులన్నీ విశాఖపట్నం వెళతాయి. అక్కడ వెంటిలేటరు మీద పెట్టిన కొద్ది రోజులకు డబ్బు అయిపోతుంది, లేదా ఇక లాభం లేదని వైద్యులు సూచనగా చెబుతారు. అప్పుడు ఇంటివాళ్లు, వైద్యుల సలహాకు విరుద్ధంగా మా ఇష్టప్రకారం తీసుకువెళుతున్నాం అని రాసి సంతకం పెడతారు. మేము దాన్ని "లామా" అంటాం. నిజానికి చాలాసార్లు అది వైద్యుల సలహా మేరకే జరుగుతుంది, కాగితం మీద మాత్రం విరుద్ధంగా. రోగిని అంబులెన్సులో పడుకోబెట్టి, గొంతులోని గొట్టానికి అంబూ బ్యాగు తగిలించి, దారి పొడవునా చేత్తో నొక్కుతూ ఊపిరి అందిస్తారు. చాలాసార్లు నొక్కేది నర్సు కాదు, రోగి కొడుకో, అల్లుడో. చెయ్యి నొప్పి పుట్టి మార్చుకుంటూ ఉంటారు. ఇంటి గుమ్మం దాటించి, తులసినీళ్లు పోశాక గొట్టం తీసేస్తారు. నొప్పికి గాని, ఆయాసానికి గాని ఒక్క చుక్క మందు ఉండదు. ఆ తరువాత గంటో, రెండు రోజులో.

దీన్ని ఏమంటారు? 2018 తీర్పు చెప్పిన పద్ధతి ఇది కాదు. 2023లో సడలించాక ఆ పద్ధతి ప్రకారం చికిత్స చేస్తున్న వైద్యుడూ, ఐదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులూ కలిసి ప్రాథమిక బోర్డుగా నిర్ణయించాలి. ఆపైన జిల్లా వైద్యాధికారి నామినేట్ చేసిన వైద్యుడితో రెండో బోర్డు చూడాలి. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. నేను పనిచేసిన చోట్ల అలాంటి బోర్డు కూర్చోవడం ఒక్కసారి కూడా చూడలేదు. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో దీనిపై ఆదేశాలు ఇచ్చింది.

వెన్నెల గారు మార్ఫిన్ ఉన్నా అని రాశారు. మన దగ్గర అది ఉన్నదెక్కడ? మార్ఫిన్‌కు మూలమైన నల్లమందు పండించే దేశంలో, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి భయపడి ఆసుపత్రులు మార్ఫిన్ మాత్రలు నిల్వ పెట్టడమే మానుకున్నాయి. 2014లో చట్టాన్ని సవరించి లైసెన్సుల చిక్కు తగ్గించినా ఆ భయం పోలేదు. కేరళ 2008లోనే, నయం కాని రోగుల బాధ తగ్గించే ఉపశమన చికిత్సకు విధానం ప్రకటించి, పంచాయతీల ద్వారా ఇంటికే నర్సులను పంపుతున్నది. ఇక్కడ కేన్సరు ముదిరిన మనిషి నొప్పితో అరుస్తుంటే మొన్నటిదాకా మేము ఇచ్చింది మామూలు నొప్పి మాత్రే. ఆ అరుపులో "చంపేయండి" అన్న మాట వస్తే దాన్ని చట్టం దృష్టిలో కోరికగా ఎలా నమోదు చేయమంటారు?

విజయనగరం వకీలు

సిస్టర్ గారు చెప్పినదానికి అదనంగా రెండు విషయాలు. కెనడా 2016లో, మరణం సమీపించినవారికి మాత్రమే అని ఈ చట్టం తెచ్చింది. 2021లో మరణం సమీపించని వారికీ విస్తరించింది. 2023లో అక్కడ 15,343 మంది, అంటే మొత్తం మరణాల్లో 4.7 శాతం, ఈ విధంగా పోయారు. మానసిక వ్యాధి ఒక్కటే ఉన్నవారికి కూడా వర్తింపజేయాలని తలపెట్టి, 2027 మార్చి దాకా వాయిదా వేసుకున్నారు. చట్టం గడప దాటాక ఎక్కడ ఆగుతుందో దాన్ని తెచ్చినవాళ్ల చేతుల్లో ఉండదు.

రెండోది మనకు మరీ దగ్గరది. తమిళనాడు దక్షిణ జిల్లాల్లో తలైకూత్తల్ అని ఒక ఆచారం ఉంది. మంచం పట్టిన ముసలివాళ్లకు తెల్లవారుజామున ఒళ్లంతా నూనె పట్టించి, చన్నీళ్లు పోసి, కొబ్బరినీళ్లు తాగించి సాగనంపుతారు. ఆ ఇళ్లలో వాళ్లూ ప్రేమతోనే చేశామంటారు.

బొబ్బిలి మాస్టారు

కెనడా అంకెను వకీలు గారు భయపెట్టడానికి వాడారు. అదే అంకెను, ఇన్నాళ్లూ కాదన్నందువల్ల ఎంతమంది బాధ పడ్డారో చెప్పే లెక్కగా కూడా చదవవచ్చు. ఆరెగాన్ చట్టం దాదాపు మూడు దశాబ్దాలైనా ఆరు నెలల గడువును దాటి విస్తరించలేదన్న సంగతిని ఆయన వదిలేశారు. తలైకూత్తల్ చట్టం లేని చోట, ఎవరూ అడగని చోట జరుగుతున్నది. అంబులెన్సులో అల్లుడు నొక్కే అంబూ బ్యాగు కూడా అంతే. చాటున జరిగేదాన్ని వెలుగులోకి తెచ్చి, అడిగి, రాయించి, ఇద్దరు వైద్యులతో పరీక్షింపజేసేదే కదా చట్టం.

కవిటి కుర్రాడు

చాటున జరుగుతున్నది మా వాళ్లను వదిలేయడం, మాస్టారూ. దానికి ముద్ర వేసి వెలుగులోకి తెస్తే వదిలేయడం కాకుండా పోతుందా? ముందు పల్లెకు నర్సు, మాత్ర, బాడుగ రానివ్వండి. అవన్నీ వచ్చాక కూడా మా చిన్నాన్న ఇక రానంటే, అప్పుడు మీ ఫారం నేనే తెచ్చి ఇస్తాను.

రాజాం వెన్నెల

అంతవరకూ ఆ మోటార్ న్యూరాన్ మనిషి ఎదురుచూడాలా, తమ్ముడూ? ప్రభుత్వం నర్సును పంపేదాకా?

శ్రీకాకుళం సిస్టర్

ఈ ఇద్దరి ప్రశ్నలకూ నా దగ్గర జవాబు లేదు. వకీలు గారిని మాత్రం ఒకటి అడగాలి. మా అమ్మ, స్పృహ పోతే గొట్టాలు పెట్టవద్దని తనే రాయించుకుంటానంటున్నది. పంచాయతీ కార్యాలయంలో విచారిస్తే, ఇలాంటి కాగితం తీసుకునే అధికారి ఎవరో వాళ్లకు తెలియదన్నారు. ఏం చేయాలి?

విజయనగరం వకీలు

తెలుగులో రాయించండి, అమ్మగారికి చదివి వినిపించండి. ఏ పరిస్థితిలో ఏ చికిత్స వద్దో స్పష్టంగా ఉండాలి, ఆమె తరఫున మాట్లాడవలసిన వారి పేరు ఉండాలి. వీలైతే బంధువులు కాని ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించి, నోటరీ దగ్గర గాని గెజిటెడ్ అధికారి దగ్గర గాని ధ్రువీకరణ తీసుకోండి. 2023 ఉత్తర్వు ప్రకారం ఒక ప్రతిని స్థానిక సంస్థకు ఇవ్వాలి, దాన్ని భద్రపరిచే అధికారిని నియమించుకోవలసిన బాధ్యత వాళ్లది. పంచాయతీ కార్యదర్శి తీసుకోనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. మరో ప్రతి ఇంటి వైద్యుడికి ఇవ్వండి. అంబులెన్సు ఎక్కించేటప్పుడు ఆసుపత్రి ఫైలుతో పాటు అది చేతిలో ఉండాలి, ఎందుకంటే విశాఖలో అడ్మిషన్ చేసుకునే డ్యూటీ డాక్టరుకు అది ఉందని చెప్పేవాళ్లు ఇంకెవరూ ఉండరు.