“అప్రమేయ గీత మందం 0.25 మి.మీ.”: ఇందులో అప్రమేయం ఏది?

అడ్డగీత:
ఆటోక్యాడ్ (కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్) పాఠం ఒకటి తెలుగు చేస్తుంటే, డిఫాల్ట్‌ను “అప్రమేయ” అన్న పై వాక్యం దగ్గర ఆగిపోయాను. ఎల్‌డబ్ల్యూడిఫాల్ట్ అనే సెట్టింగ్, అంటే మందం విడిగా చెప్పని గీతలకు వర్తించే విలువ గురించి. లోపల 25 అని ఉంటుంది, మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క. కొలతకందనిదని పేరు పెట్టి, పక్కనే కొలత రాశాం! ఇది చాలదన్నట్టు విష్ణుసహస్రనామంలోని “అప్రమేయో హృషీకేశః” తర్వాత పాదం నోట్లో ఆడుతోంది గానీ పూర్తిగా రావట్లేదు. విశ్వకర్మ కూడా అక్కడే వస్తాడు కదూ?

అరసున్న:
“పద్మనాభోఽమరప్రభుః, విశ్వకర్మా మనుస్త్వష్టా స్థవిష్ఠః స్థవిరో ధ్రువః.” సగం పుస్తకాల్లో అవగ్రహ (ఽ గుర్తు) ఎగిరిపోయి “పద్మనాభో మరప్రభుః” అని ఉంటుంది. ఓకారం మింగిన అకారం అది. వదిలేసి విడదీస్తే అమరుల ప్రభువు కాస్తా మరల ప్రభువైపోతాడు.

త్రాసుముల్లు:
మెషిన్ డ్రాయింగ్ వాళ్లకు మరప్రభువే నయం :) స్థవిష్ఠుడంటే మిక్కిలి లావైనవాడు. ఆటోక్యాడ్ మందాల జాబితాలో ఆ పదవి 2.11 మి.మీ. గీతది.

కొలబద్ద:
అసలు విషయానికి వద్దాం. తెలుగు వికీలో డిఫాల్ట్‌కు వాడే అప్రమేయం సహస్రనామంలోది కాదండీ. తెలుగులో ప్రమేయం అంటే జోక్యం. “ఇందులో నా ప్రమేయం లేదు” అనమా? మన ప్రమేయం లేకుండా వచ్చి కూర్చున్న విలువ కాబట్టి అప్రమేయం. మాట బాగానే కుదిరింది, అందులో వైరుధ్యం ఏమీ లేదు.

టీస్క్వేరు:
కొలబద్ద గారూ, కుదరలేదు. ఇక్కడ ప్రమేయం ఎవరిది? కొత్త డ్రాయింగ్‌లో గీత గీస్తే రంగు సీఈకలర్ నుంచి, గీత రకం సీఈఎల్‌టైప్ నుంచి, మందం సీఈఎల్‌వెయిట్ అనే సెట్టింగ్ నుంచి వస్తాయి. మామూలుగా మూడూ బైలేయర్ (గీత ఉన్న లేయర్‌ది, అంటే పొరది, తీసుకోవడం) మీదే ఉంటాయి. సీఈఎల్‌వెయిట్‌లో అది -1, బైబ్లాక్ (ఒక్కటిగా కట్టిన గీతల గుంపైన బ్లాక్‌ది తీసుకోవడం) -2, డిఫాల్ట్ -3. అంటే గీత లేయర్‌ను అడుగుతుంది. లేయర్ 0 మందం కూడా “డిఫాల్ట్” అనే ఉంటుంది కాబట్టి అది ఎల్‌డబ్ల్యూడిఫాల్ట్‌ను అడుగుతుంది. మీ అప్రమేయం ఈ గొలుసులో ఏ కడియానికి?

ఇంకో మెలిక ఉంది. ఆ మూడు సెట్టింగులూ డ్రాయింగ్ ఫైల్లోనే ఉంటాయి, ఎల్‌డబ్ల్యూడిఫాల్ట్ మాత్రం కంప్యూటర్ రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోట). మీ దగ్గర 0.25గా వచ్చిన గీత, అదే ఫైలు 0.35 పెట్టుకున్న వాళ్ల దగ్గర తెరిస్తే లావెక్కుతుంది. అందుకే ఏ లేయర్ మందాన్నీ డిఫాల్ట్ అని వదలకూడదు. ఎస్‌పీ 46 అనే భారతీయ డ్రాయింగ్ ప్రమాణం మందపు గీతకూ సన్నగీతకూ కనీసం 2:1 ఉండాలంటుంది: కనిపించే అంచులకు 0.5, కేంద్రరేఖలకూ కొలత గీతలకూ హ్యాచింగ్‌కూ (కోసిన భాగాన్ని నింపే గీతలకూ) 0.25 ఇస్తే సరి. తెర మీద తేడా కనపడకపోతే ఎల్‌డబ్ల్యూడిస్‌ప్లే ఆన్ చేయాలి, ముందుగా ఆఫ్‌లోనే ఉంటుంది.

అడ్డగీత:
“నిన్న పెట్టిన రంగు ఇవాళ కొత్త డ్రాయింగ్‌లో లేదు” అని పిల్లలు అడిగేది అందుకేనా?

టీస్క్వేరు:
అంతే. సీఈకలర్ ఆ ఒక్క ఫైలుదే. యాకాడ్‌ఐఎస్ఓ టెంప్లేట్ (మిల్లీమీటర్ల నమూనా ఫైలు) తెరిచి, లేయర్లు పెట్టి, సొంత పేరుతో డీడబ్ల్యూటీ (టెంప్లేట్ ఫైలు)గా సేవ్ చేయాలి. తర్వాత ఆప్షన్స్, ఫైల్స్, టెంప్లేట్ సెట్టింగ్స్‌లో క్యూన్యూ (కొత్త డ్రాయింగ్ తెరిచే ఆదేశం) ఎదుట దాన్ని చూపాలి. ఆ ఖానా ఖాళీగా వదిలితే టెంప్లేట్‌ను ప్రతిసారీ మనమే ఎంచుకోవాలి.

అరసున్న:
రంగు మాట వచ్చింది కాబట్టి: 7వ రంగు పేరు వైట్. నల్ల తెర మీద తెలుపు, తెల్ల కాగితం మీద నలుపు. పోతన గారి “నల్లనివాఁడు పద్మనయనంబులవాఁడు” ఎక్కడ దాక్కున్నాడో అని మల్లెపొదలనడిగే గోపికల్లా, ట్రూ కలర్‌లో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లుగా) 255,255,255 ఇచ్చినవాళ్లు ప్రింటులో గీతను వెతుక్కుంటారు. అది నిజం తెలుపు, కాగితంలో కలిసిపోతుంది. మోనోక్రోమ్ సీటీబీ (రంగులను నలుపుగా ముద్రించే ప్రింటు ఫైలు) కూడా ఆదుకోదు, దాని లెక్క 1 నుంచి 255 దాకా ఉన్న సూచీ రంగులకే.

త్రాసుముల్లు:
పాత తెలుగులో నల్లన అంటే మెల్లగా అని కూడా ఉంది. పోతన గారివాడు నల్లటివాడా, మెల్లగా వచ్చి దోచుకెళ్లినవాడా?

అరసున్న:
మెల్లన అర్థంలో అది క్రియావిశేషణం. “నల్లని” అని విశేషణమై, పైన వాడు చేరాక రంగే. మానధనం తెచ్చాడన్నంత మాత్రాన దొంగనడకను పదంలోకి లాక్కురావద్దు.

త్రాసుముల్లు:
లాగనివ్వండి, పద్యానికి అందం వస్తుంది.

గళ్లకాగితం:
గీత రకానికి అప్రమేయం అంటే కంటిన్యువస్ (తెగని నిండుగీత) ఒక్కటే కాబట్టి తగువు లేదు. తగువంతా హిడెన్ (గీట్లుగా తెగే గీత) పెట్టినా నిండుగీతలా కనిపించడం దగ్గరే. యాకాడ్ లిన్‌లో (అంగుళాల గీత రకాల ఫైలులో) హిడెన్ 0.25, -0.125. ధన సంఖ్య గీటు, రుణ సంఖ్య ఖాళీ, సున్నా చుక్క. యాకాడ్‌ఐఎస్ఓ లిన్‌లో (మిల్లీమీటర్ల ఫైలులో) అదే 6.35, -3.175. మిల్లీమీటర్ల డ్రాయింగ్‌లోకి అంగుళాల ఫైలు ఎక్కిస్తే పావు మిల్లీమీటరు గీట్లు పడతాయి, ఏ కంటికి ఆనుతాయి? ఎల్‌టీస్కేల్ (గీట్ల పొడవును పెంచే గుణకం) 25.4 చేసి సరిపెట్టుకుంటారు. తర్వాత ఎవరో సరైన ఫైలు ఎక్కించగానే గీట్లు జానెడేసి అవుతాయి. మెజర్‌మెంట్ సెట్టింగ్‌ను 1 (మెట్రిక్) చేసి, గీత రకాన్ని ఐఎస్ఓ ఫైలు నుంచి రీలోడ్ చేయడమే పద్ధతి.

కొలబద్ద:
ఇంతకీ డిఫాల్ట్‌కు ఏమందాం? బ్యాంకు వాళ్లకైతే ఎగవేత. “తొలివిలువ” అంటే మార్చాక కూడా తొలిదేనా అంటారు.

టీస్క్వేరు:
“చెప్పకపోతే 0.25”. చదివిన ఎవరికైనా తెలుస్తుంది. బైలేయర్‌కు “పొరను బట్టి”.

కొలబద్ద:
వాక్యంలో సరే. జాబితాలో గడి పేరు “చెప్పకపోతే” అని ఉంటే పిల్లలు నవ్వరూ? అప్రమేయాన్ని నేను వదలను.

గళ్లకాగితం:
పొరను బట్టి అనేశారు గానీ, బైబ్లాక్‌తో గీసి బ్లాక్ చేస్తే అది చొప్పించిన బ్లాక్ రంగు తీసుకుంటుంది. లేయర్ 0 మీద బైలేయర్‌తో గీసి బ్లాక్ చేస్తే, చొప్పించిన పొర రంగు తీసుకుంటుంది. రెండూ గీసినప్పటి రంగు వదిలేసేవే. ఈ రెండోదాన్ని ఏ పొరను బట్టి అంటారు?