హాసెల్‌బ్లాడ్ 500 సీ/ఎం కెమెరా బాడీకి 80 ఎంఎం లెన్స్ ఎక్కట్లేదు, విసిగిపోయా

కొత్తరోలు:
పొద్దున 10 నుంచి దీంతోనే కుస్తీ. హాసెల్‌బ్లాడ్ 500 సీ/ఎం బాడీ, ఏ12 బ్యాక్ (వెనక తగిలించే ఫిల్మ్ డబ్బా), 80 ఎంఎం ప్లానార్ (క్రోమ్ రంగు సీ లెన్స్), మూడూ మూడు చోట్ల సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. బాడీ మీది ఎర్ర చుక్కా లెన్స్ మీది ఎర్ర చుక్కా కలిపి పెడితే పూర్తిగా ఆనదు, ఓ పక్క సన్నటి సందు ఉండిపోతోంది. తిప్పబోతే కదలదు. అమ్మినవాళ్లు అన్నీ వర్కింగ్ అన్నారు. 120 ఎంఎం రోల్ కూడా తెచ్చిపెట్టుకున్నా, ఆదివారం షూట్. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

చీకటిగది:
బలం పెట్టకు. బాడీ వైండ్ అయిందా? లెన్స్ వైండ్ అయిందా?

కొత్తరోలు:
బాడీ క్రాంక్ తిప్పితే ఆగిపోయింది, అంటే అయినట్టేగా. లెన్స్‌కి వైండ్ ఏంటన్నా? దానికి క్రాంకే లేదు.

అంగుళంలెక్క:
ముందు ఒక సవరణ. 120 ఎంఎం రోల్ అనేది లేదు. 120 అనేది కొడాక్ 1901లో పెట్టిన వరస నంబరు, కొలత కాదు. ఫిల్మ్ వెడల్పు 61 ఎంఎం చిల్లర. 6×6 సెంటీమీటర్లు అనే ఫ్రేమ్ కూడా నిజానికి 56×56 ఎంఎం. దుకాణంలో 120 ఎంఎం అని అడిగితే ఇచ్చేస్తారు, అది వేరే సంగతి.

గోదారిగట్టు:
లెన్స్ కొన్నారు సరే, ఫంగస్ చూశారా? గది చీకటి చేసి ఫోన్ టార్చి వెనకనుంచి ఏటవాలుగా వెయ్యండి. సాలెగూడు దారాల్లా కొమ్మలు కొమ్మలుగా కనిపిస్తే ఫంగస్. గుండ్రటి మసకయితే హేజ్, అది మామూలు సర్వీసులోనే పోవచ్చు. మన విశాఖ, కాకినాడ గాలికి తోలుసంచీలో దాచిన లెన్సుకి గ్యారంటీ లేదు. గాలాడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు పెట్టండి. ముల్లు 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. జెల్ రంగు మారగానే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. తోలుసంచీ మాత్రం ఇవాళే అవతల పారెయ్యండి.

చీకటిగది:
ఆయన అడిగింది లెన్స్ ఎక్కట్లేదని.

ఆరుబైఆరు:
కొత్తరోలు గారూ, ఈ కెమెరాలో అసలు షట్టరు లెన్సులోనే ఉంటుందండీ. బాడీలో వెనక ఉన్న రెండు రెక్కలు వెలుతురు అడ్డుకోడానికే. క్రాంక్ తిప్పితే బాడీ ముందున్న ఇరుసు తిరిగి లెన్స్ స్ప్రింగుని బిగిస్తుంది. ఇరుసుకి నాలుక, లెన్స్ వెనకాల గాడి. బాడీ బిగిసి లెన్స్ వదులై ఉంటే నాలుక గాడిలోకి దిగదు, మీరు చెప్పిన సందు అదే.

బాడీ సంగతి: అద్దం కిందికి దిగి, వెనక రెక్కలు మూసుకుని, బ్యాక్ కిటికీ పక్కనున్న బాడీ కిటికీలో తెలుపు కనిపిస్తే సరే. లెన్స్ సంగతి: కిటికీ వైపు ఎత్తి లోపల్నుంచి చూడండి. అవతలి వెలుతురు కనిపిస్తే బిగిసినట్టు. షట్టర్ రేకులు మూసి ఉంటే వదులైనట్టు.

వదులైతే, గాడికి సరిపోయే రూపాయి బిళ్ల గానీ వెడల్పు మూతి స్క్రూడ్రైవర్ గానీ గాడిలో పెట్టి గడియారం ముల్లు తిరిగే వైపు నెమ్మదిగా తిప్పండి. ఒక పూర్తి చుట్టుకి కొంచెం తక్కువలో టక్‌మని ఆగుతుంది. స్ప్రింగు గట్టిగానే ఉంటుంది, మధ్యలో వదిలితే వెనక్కి తన్నుతుంది. వెనక గాజు మీద అట్టముక్క ఉంచుకోండి, స్క్రూడ్రైవర్ జారితే గీత పడేది అక్కడే. లెన్స్ మీది మీట 'వీ' మీద ఉంటే 'ఎక్స్'కి మార్చండి. 'వీ' అంటే సెల్ఫ్ టైమరు, పాత సీ లెన్సుల్లో అది ఇరుక్కుపోతే సర్వీసే గతి.

అంగుళంలెక్క:
బిగించడం అనకండి, కాకింగ్ అంటారు. బిగించడం అంటే స్క్రూ బిగించడం.

ఆరుబైఆరు:
తెలుగులో అడిగినవాళ్లకి తెలుగులో చెప్తున్నానండీ. మా దగ్గర రిపేరు చేసేవాళ్లూ 'టెన్షన్ ఎక్కించడం' అంటారు, మీకు ఇష్టమైతే అదే రాస్తా.

అంగుళంలెక్క:
మాన్యువల్లో ఏముందో అదే వాడాలి.

కొత్తరోలు:
రేకులు మూసే ఉన్నాయి. గాడిలో రూపాయి పెట్టి తిప్పా, కదల్లేదు. ఫొటో పెట్టా చూడండి.

చీకటిగది:
లెన్స్ వెనక గాజు అంత లోతుగా ఉండదు. అది ట్యూబ్.

కొత్తరోలు:
అవును, 21 ఎక్స్‌టెన్షన్ ట్యూబ్. లెన్సుతోపాటు తగిలించే వచ్చింది. దాన్ని చెప్పాలా? లెన్సులో భాగమే అనుకున్నా.

ఆరుబైఆరు:
చెప్పాలండీ! అది దగ్గరి ఫొటోల కోసం లెన్సుకీ బాడీకీ మధ్య పెట్టే విడి గొట్టం. ట్యూబుకీ సొంత ఇరుసు ఉంటుంది. ఎవరో లెన్సూ ట్యూబూ కలిపి ఒకేసారి బాడీనుంచి లాగేశారు, అందులో ఏదో ఒకటి దారి తప్పింది. పద్ధతి: ఎక్కించేటప్పుడు ముందు ట్యూబు బాడీకి, తర్వాత లెన్స్ ట్యూబుకి. తీసేటప్పుడు లెన్స్ ముందు, ట్యూబు తర్వాత.

ఇప్పుడు మీరు చేయాల్సింది ట్యూబు వెనక గాడిని తిప్పడం. రూపాయి అంచు మందం, గాడి సన్నం, అందుకే దిగట్లేదు. గాడి పొడవుకి సరిపోయే పల్చటి మూతి స్క్రూడ్రైవర్ వాడండి. అదే వైపు, టక్‌మనేదాకా. తర్వాత లెన్సులోంచి చూడండి, వెలుతురు వస్తే ట్యూబు మీది విడుదల బటన్ నొక్కి లెన్స్ తీసి, ట్యూబు పక్కన పెట్టండి. ఉత్త లెన్సే బాడీకి పెట్టి చూడండి. ఆదివారం ట్యూబు అక్కర్లేదు, దాంతో దూరంవి ఫోకస్ కావు.

గోదారిగట్టు:
ట్యూబు లోపలి నల్లరంగు పోయిందేమో కూడా చూడండి, మెరుపు పడుతుంది. ఫంగస్ సంగతి ఇంకా చెప్పలేదు మీరు.

చీకటిగది:
బాడీ నంబరు ముందు అక్షరాలేంటి?

కొత్తరోలు:
యూపీ. 80ల మోడల్ అన్నారు.

చీకటిగది:
1973.

అంగుళంలెక్క:
వివరం చెప్పాలి కదా. కంపెనీ వాళ్లు సంవత్సరాన్ని అక్షరాల్లో రాసేవాళ్లు. వీ, హెచ్, పీ, ఐ, సీ, టీ, యూ, ఆర్, ఈ, ఎస్ వరసగా 1 నుంచి 9, చివర్న 0. యూ 7, పీ 3. వీ, హెచ్ అంటే విక్టర్ హాసెల్‌బ్లాడ్, మిగిలింది పిక్చర్స్. 500 సీ/ఎం మొదలైందే 1970లో, కాబట్టి మీది తొలి దశది.

ఆరుబైఆరు:
బ్యాక్ కూడా చూసుకోండి. లోపలి ఇన్సర్ట్ (రోల్ తగిలించే చట్రం) మీద 3 అంకెలుంటాయి, పైడబ్బా నంబరు చివరి 3 అంకెలతో కలవాలి. కలవకపోతే పనిచేయవచ్చు, కానీ ఫ్రేముల మధ్య ఎడం చెడిపోతే కారణం వెతకాల్సింది అక్కడే. రోల్ ఎక్కించేటప్పుడు ఫిల్మ్ వెనకుండే కాగితం నల్ల వైపు బయటికి, అంటే లెన్స్ వైపు ఉండాలి. తిరగేస్తే 12 ఫ్రేములూ ఖాళీ. కాగితం మీది బాణం ఇన్సర్ట్ మీది గుర్తుకి వచ్చాక లోపల పెట్టి, బ్యాక్ క్రాంకు ఆగేదాకా తిప్పి, వెనక్కి తిప్పి మడవండి. కిటికీలో 1 రావాలి. డార్క్ స్లైడ్ (ఫిల్మ్ ముందు వెలుతురు ఆపే రేకు) బయటికి తీయకుండా బటన్ నొక్కితే షట్టరు పడదు, అదీ 'కెమెరా చెడింది' అంటూ వచ్చే ప్రశ్నే.

గోదారిగట్టు:
కోఠిలో ఎవరికైనా చూపించండి, లెన్స్ విప్పి ఫంగస్ ఉందో లేదో చెప్తారు.

అంగుళంలెక్క:
రూపాయి బిళ్ల అని రాశారు, ఇప్పుడు వచ్చే రూపాయా పాతదా? మందం వేరు.

కొత్తరోలు:
ఎక్కింది. 2.5 ఎంఎం స్క్రూడ్రైవర్‌తో తిరిగింది. థాంక్స్ అందరికీ.

ఆరుబైఆరు:
మంచిది. ఇన్సర్ట్ నంబర్లు కలిశాయా? డార్క్ స్లైడ్ దూరే సందులో సీల్ మార్చారా? అది పోతే స్లైడ్ వైపు అంచున తెల్ల చార పడుతుంది, మొదటి రోల్ కడిగించాక చూసి చెప్పండి.

గోదారిగట్టు:
ఫంగస్?