ఎడమ చెవిలో గుయ్‌మని రొద, ట్యూబ్ మార్చినా పోవడం లేదు

రాత్రిపని:
అందరికీ నమస్కారం. నేను సొంతంగా కట్టిన హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ (ఆంప్) ఇది. 12ఏయూ7 అనే వాక్యూమ్ ట్యూబ్ ఒక్కటే, దాని రెండు సగాలు రెండు ఛానెళ్లకి. వెనకాల ఛానెల్‌కో మాస్‌ఫెట్ ఫాలోవర్ (హెడ్‌ఫోన్‌ని నడిపే ట్రాన్సిస్టర్), అక్కడి నుంచి 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ దాటి 32 ఓముల హెడ్‌ఫోన్. పిల్లలు పడుకున్నాక రోజూ ఓ గంట కూర్చుని రెండు నెలల్లో పూర్తి చేశాను. పాట బాగుంది. పాట ఆగితేనే బాధ, ఎడమ చెవిలో గుయ్‌మని ఒకటే రొద. కుడివైపూ ఉంది కానీ చెవి పెట్టి వింటే తప్ప తెలియదు.

వాల్యూమ్ సున్నాకి తిప్పినా అంతే, పూర్తిగా పెంచినా అంతే. ఇన్‌పుట్ షార్ట్ చేసి చూశాను, మార్పు లేదు. ఇంకో ట్యూబ్ పెట్టాను, రొద ఎడమవైపు నుంచి కదల్లేదు. ఫోన్‌లో 50, 100 హెర్ట్జ్ టోన్లు మోగించి పోల్చుకుంటే 50కే సరిపోయింది.

హీటర్‌కి, అంటే ట్యూబ్‌ని లోపల వేడిచేసే ఫిలమెంట్‌కి, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి నేరుగా 12.6 వోల్టుల ఏసీ, 4, 5 పిన్నులకి. 9వ పిన్ ఖాళీ. వైర్లు బాగా మెలితిప్పాను. రెండు కొసల నుంచీ గ్రౌండ్‌కి చెరో 100 ఓముల రెసిస్టర్ ఉంది. అనుమానంతో పవర్ తీసేసి మీటర్ పెట్టి చూశాను కూడా: 4వ పిన్ నుంచి గ్రౌండ్‌కి 99 ఓములు, 5వ పిన్ నుంచీ 99. అంటే అక్కడ తప్పు లేదు. ఇంకెక్కడ వెతకాలో తోచడం లేదు.

చిన్నసర్క్యూట్:
గ్రౌండ్ లూప్ (గ్రౌండ్ రెండు దారుల్లో కలవడం) అయి ఉంటుందండీ. నాకు ఇన్‌పుట్ సాకెట్లు పెట్టె లోహానికి తగిలి ఇలాగే మోగింది, ప్లాస్టిక్ వాషర్లు వేస్తే పోయింది. అదీ కాకపోతే పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్ ఇంకోటి కలిపి చూడండి.

పాతసోల్డర్:
వాషర్ల మాట మంచిదే కానీ ఇక్కడ కుదరదనుకుంటా. ఇన్‌పుట్ షార్ట్ చేసినా, వాల్యూమ్ తిప్పినా మారలేదంటే రొద వాల్యూమ్ కంట్రోల్ దాటాక పుడుతోంది. ఫిల్టర్ చాలకపోతే బ్రిడ్జ్ (ఏసీని డీసీ చేసే డయోడ్లు) తర్వాత వచ్చేది 100 హెర్ట్జ్, పైగా రెండు చెవుల్లోనూ ఇంచుమించు సమానంగా ఉంటుంది. మీది 50, అదీ ఒకవైపు ఎక్కువ. హీటర్ ఏసీయే పాటలోకి దూరుతోంది.

జవాబు మీరే రాసేశారు, చూసుకోలేదంతే. 99 రావడమే తప్పు. సర్క్యూట్‌లో ఉండగా కొలిచారు కదా, ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ ఒకటి రెండు ఓములు కూడా ఉండదు. కాబట్టి ఏ పిన్ దగ్గర పెట్టినా మీటర్‌కి రెండు రెసిస్టర్లూ పారలల్‌గానే కనబడతాయి. రెండూ 100 అయితే 50 చూపాలి. 99 చూపిందంటే ఒకటి అసలు కనెక్ట్ కాలేదు, లేదా చాలా పెద్ద విలువది.

అప్పుడు హీటర్ ఒక కొస దాదాపు గ్రౌండ్ మీద కూర్చుంటుంది, రెండో కొస మొత్తం 12.6 మోస్తుంది. ఈ ట్యూబ్‌లో రెండు సగాల ఫిలమెంట్లు సిరీస్‌లో ఉన్నాయి కదా. గ్రౌండ్ వైపు సగానికి సగటున 3 వోల్టులు, దూరపు సగానికి 9 పైచిలుకు. వోల్టేజ్ ఎక్కువున్న చోటే ఏసీ ఎక్కువ దూరుతుంది. ఆ దూరపు సగమే మీ ఎడమ చెవి. ట్యూబ్ మార్చినా రొద అక్కడే ఉండటానికి కారణం అదే, తప్పు ట్యూబ్‌లో లేదు, సాకెట్ కింద ఉంది.

ఆన్ చేసి ఏసీ రేంజ్‌లో ఒక్కో పిన్ నుంచి గ్రౌండ్‌కి కొలవండి. పక్కనే ప్లేట్ వోల్టేజ్ ఉంటుంది, కాబట్టి ముందే క్లిప్పులు తగిలించి, చేతులు తీసేశాక పవర్ ఇవ్వండి. క్లిప్పు మార్చే ముందు పవర్ తీసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాయో లేదో మీటర్‌తో చూడండి.

రాత్రిపని:
4వ పిన్ దగ్గర 0.12, 5వ పిన్ దగ్గర 12.5! 5వ పిన్ రెసిస్టర్ ఒక కాలు ఊడదీసి కొలిస్తే 10 కిలో ఓములు. దాని మీది రంగు గీతలు గోధుమ-నలుపు-నారింజ; 100కి మూడోది గోధుమ ఉండాలి. పసుపు బల్బు కింద ఆ నారింజ నాకు గోధుమలాగే కనబడింది. దాని బదులు 100 ఓములది వేశాను. ఇప్పుడు రెండు పిన్నుల దగ్గరా 6.3, హెడ్‌ఫోన్‌లో చప్పుడు లేదు. ఆన్‌లో ఉందా లేదా అని ఒకసారి ట్యూబ్ వైపు చూడాల్సి వచ్చింది. డీసీ హీటర్ సప్లై కట్టాలేమోనని సగం గీసుకున్నాను, అది చింపేశాను.

పాతసోల్డర్:
ఈ ఆంప్‌కి డీసీ అక్కర్లేదు. ఒక్క మాట. మీ దగ్గర లెక్కపెట్టి తెచ్చుకున్న కిట్టే అయితే, 100 ఓములు ఉండాల్సిన చోట 10 కిలో ఓములది ఉందంటే, 10 కిలో ఓములది ఉండాల్సిన చోట ఏముంది?

రాత్రిపని:
మీరు అడిగాక నిద్ర పట్టలేదు. దొరికింది. కుడి ఛానెల్ అవుట్‌పుట్ కెపాసిటర్ తర్వాత, జాక్ దగ్గర గ్రౌండ్‌కి వేసేది, అక్కడ 100 ఓములది పడింది. పాపం ఆ మాస్‌ఫెట్ ఇన్ని రోజులూ 32 ఓముల హెడ్‌ఫోన్‌తో పాటు ఇంకో 100 ఓముల్నీ మోసింది. వినడానికి మాత్రం నాకు ఏ తేడా తెలియలేదు. మార్చాక కూడా తెలియడం లేదు.