అప్‌డేట్: అమ్మ థైరాయిడ్ గడ్డకి ఆపరేషనా, మాత్రలా?

గుంటూరులో ఉండే మా అమ్మకి (58 ఏళ్లు) మెడలో 2.2 సెం.మీ. గడ్డ ఉందని, ఒక డాక్టర్ ఆపరేషన్ అన్నారని, మాత్రలతో కరుగుతుందా అని మూడు నెలల కిందట అడిగాను. ధైర్యం చెప్పిన అందరికీ థాంక్స్.

విజయవాడ సూర్యారావుపేటలో ఒక హార్మోన్ల స్పెషలిస్ట్, అంటే ఎండోక్రైనాలజిస్ట్‌కి చూపించాం. సూది పరీక్షలో బెథెస్డా 2 అనే గ్రేడ్ వచ్చింది, అంటే క్యాన్సర్ గడ్డ కాదు. ఆ రిపోర్ట్ వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

ఇక మాత్రల సంగతి. థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) ఇచ్చి, థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్ అయిన టీఎస్‌హెచ్‌ని బాగా తగ్గించే పద్ధతి ఒకప్పుడు ఎక్కువగా ఉండేదట. కొందరిలో గడ్డ కాస్త తగ్గుతుంది, మానేస్తే మళ్లీ పెరగొచ్చు. పైగా గుండె లయ తప్పడం, ఎముకలు గుల్లబారడం లాంటి ప్రమాదాలున్నాయి. నెలసరి ఆగిపోయిన అమ్మ వయసువాళ్లకి అది చిన్న విషయం కాదు. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాలు కూడా ఇలాంటి గడ్డలకి ఈ మందు మామూలుగా వాడొద్దనే చెప్పాయి.

అమ్మ టీఎస్‌హెచ్ 1.8, నార్మలే. అందుకే ఇప్పటికి మాత్రా లేదు, ఆపరేషనూ లేదు. ఏడాదికి స్కాన్. ఈలోగా మింగడం కష్టమైనా, గొంతు బొంగురుపోయినా, గడ్డ త్వరగా పెరిగినా వెంటనే రమ్మన్నారు.

ఒక్క మాట. మా పిన్ని తన థైరాయిడ్ మాత్రలే అమ్మకీ ఇవ్వబోయింది. పిన్నిది హార్మోన్ తక్కువయ్యే సమస్య, అమ్మది వేరు. దయచేసి ఎవరూ అలా వేసుకోకండి.

స్కాన్ అయ్యాక మళ్లీ రాస్తాను.