వికేంద్రీకృత క్రిప్టోకరెన్సీకి అండగా ఒక కేంద్ర సంస్థ ఉండాలా?

ప్రశ్న (అడిగినవారు: రాత్రిబడి)

అందరికీ నమస్కారం. మేము నలుగురం కలిసి మూడేళ్లుగా ఒక చిన్న క్రిప్టోకరెన్సీ సాఫ్ట్‌వేర్‌ను జీతం లేకుండా నిర్వహిస్తున్నాము. పగలు ఉద్యోగాలు చేసుకుని రాత్రిళ్లు దోషాలు సరిదిద్దడం ఇక మా వల్ల కావడం లేదు. పోయిన నెలలో ఒక భద్రతా లోపం బయటపడింది. సవరణ అదే రోజు సిద్ధమైనా, కొత్త విడుదల అసలైనదేనని డిజిటల్ సంతకం చేసే రహస్య కీ ఉన్న మిత్రుడు ప్రయాణంలో ఉండడం వల్ల రెండు రోజులు ఊపిరి బిగబట్టుకుని కూర్చోవలసి వచ్చింది. ఆ తరువాత వాడుకరులలో కొందరు ఒక ఫౌండేషన్ స్థాపించి, విరాళాలు సేకరించి, డెవలపర్లకు జీతాలు ఇవ్వాలని ప్రతిపాదించారు. మరికొందరు, కేంద్రం ఉండకూడదనే ఈ నాణేన్ని పుట్టించి ఇప్పుడు మన చేతులతోనే ఒక కేంద్రాన్ని నిలబెడితే ఇక బ్యాంకుకూ దీనికీ తేడా ఏమిటని గట్టిగా వ్యతిరేకిస్తున్నారు. నాకు రెండూ సబబుగానే తోస్తున్నాయి. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1 (నోడ్‌కాపరి)

బిట్‌కాయిన్ చరిత్రలోనే మీ ప్రశ్నకు చాలా వరకు జవాబు ఉంది. దాని సృష్టికర్త సతోషి నకమోటో 2011 నాటికి పూర్తిగా తప్పుకున్నారు. 2012 సెప్టెంబరులో బిట్‌కాయిన్ ఫౌండేషన్ ఏర్పడి, ప్రధాన డెవలపర్‌కు జీతం ఇచ్చే బాధ్యతను కూడా తలకెత్తుకుంది. తరువాత రెండున్నరేళ్లలోనే దాని పరువు, ఖజానా రెండూ కరిగిపోయాయి. పాలకమండలి సభ్యులలో ఒకరు 2014 జనవరిలో అరెస్టయ్యారు, మరొకరు నడిపిన మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజ్ ఆ తరువాతి నెలలోనే కుప్పకూలింది, 2015 ఏప్రిల్‌లో నిధులు దాదాపు అడుగంటాయని సొంత సభ్యుడే బహిరంగంగా ప్రకటించారు. అయినా బిట్‌కాయిన్ మాత్రం ఎప్పటిలాగే సగటున పది నిమిషాలకు ఒక బ్లాక్ (లావాదేవీల కట్ట) చొప్పున ముందుకు సాగింది. జీతాలు ఆగే పరిస్థితి వచ్చిన ముగ్గురు డెవలపర్లను అదే నెలలో అమెరికాలోని ఎంఐటీ పరిశోధన విభాగం చేర్చుకుంది.

కాబట్టి మీరు పెట్టబోయే సంస్థను ఒకే ఒక్క ప్రశ్నతో పరీక్షించండి. అది రేపు ఉదయం మూతపడితే మీ నాణెం లావాదేవీలు జరుగుతాయా? జరుగుతాయంటే సంస్థ పెట్టుకోవడంలో తప్పు లేదు. జరగవంటే, అక్కడ వికేంద్రీకరణ అన్నది పేరుకు మాత్రమే ఉన్నట్టు.

సమాధానం 2 (చీలికల చరిత్ర)

నోడ్‌కాపరి గారు చెప్పినది నిజమే, కానీ ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు ఎవరో ఒకరు మాట చెప్పాలి, మిగిలినవారు వినాలి అన్న సంగతిని ఆ వాదన దాటవేస్తోంది. 2013 మార్చి 11వ తేదీ రాత్రి జరిగినది చూడండి. బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ 0.8 వెర్షన్‌లో డేటాబేస్‌ను మార్చారు. పాత డేటాబేస్ ఒకేసారి ఒక సంఖ్యకు మించి లాక్‌లు (మార్పు జరిగేటప్పుడు సమాచారానికి వేసే తాళాలు) తీసుకోలేదన్న పరిమితి ఎవరి దృష్టికీ రాలేదు. 225430వ బ్లాక్‌లో లావాదేవీలు ఎక్కువగా ఉండడంతో కొత్త వెర్షన్ నోడ్‌లు (ఈ సాఫ్ట్‌వేర్ నడిపే కంప్యూటర్లు) దాన్ని అంగీకరించాయి, పాతవి తిరస్కరించాయి, బ్లాక్‌ల గొలుసు రెండుగా చీలింది. మైనింగ్ బలం (కొత్త బ్లాక్‌లను తయారు చేసే కంప్యూటర్ల శక్తి) ఎక్కువగా కొత్త వైపు ఉన్నా, పాత వెర్షన్ వాడేవారందరినీ ఒక్క రాత్రిలో మార్చడం సాధ్యం కాదు గనుక, డెవలపర్లు చాట్‌లో చర్చించి మైనర్లను పాత వెర్షన్‌కు వెనక్కి రమ్మని కోరారు. బీటీసీ గిల్డ్ అనే పెద్ద పూల్ (మైనర్ల ఉమ్మడి బృందం) బ్లాక్‌కు 25 బిట్‌కాయిన్ల చొప్పున తాను అప్పటికే సంపాదించినది వదులుకుని మరీ వెనక్కి వచ్చింది. కొన్ని గంటల్లో గొలుసు మళ్లీ ఒకటైంది.

అక్కడ ఆజ్ఞాపించగల సంస్థ ఏదీ లేదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఎవరిని నిద్ర లేపాలో, ఎవరి మాటకు విలువ ఉందో అందరికీ తెలిసిన ఒక చిన్న బృందం ఉంది. మీ నలుగురికీ ఆ బరువు మోసే ఓపిక తగ్గిపోతోందని మీరే అంటున్నారు. ఆ పని చేసేవారిని పోషించే ఏర్పాటు లేకపోతే, సిద్ధాంతం ఎంత స్వచ్ఛంగా ఉన్నా నాణెం చూసుకునే దిక్కు లేక చచ్చిపోతుంది.

ఇథీరియం అనే మరో క్రిప్టోకరెన్సీ వ్యవస్థ ఉదంతం ఇంకో వైపు హెచ్చరిక. 2016 జూన్‌లో డీఏఓ అనే నిధి నుంచి సుమారు 36 లక్షల ఈథర్ (ఇథీరియం నాణెం) దొంగిలింపునకు గురైతే, జూలై 20న గొలుసు నియమాలనే మార్చి ఆ సొమ్మును వెనక్కి తెచ్చారు. ఒప్పుకోనివారు పాత గొలుసునే ఇథీరియం క్లాసిక్‌గా కొనసాగించారు. ఆ మార్పు న్యాయమైనదా కాదా అన్న చర్చను పక్కన పెడితే, పలుకుబడి గల ఫౌండేషన్, వ్యవస్థాపకులు ఒక పక్షాన నిలిస్తే సామాన్య వాడుకరి ఎటు మొగ్గుతాడన్నది తేలిపోయింది.

సమాధానం 3 (పద్దులు చూసేవాడు)

ఇద్దరూ అధికారం గురించే మాట్లాడారు. నాకు డబ్బు సంగతే ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే జీతం ఎక్కడి నుంచి వస్తుందో మాట అక్కడే చెల్లుతుంది. జీక్యాష్ అనే క్రిప్టోకరెన్సీ మొదటి నాలుగేళ్లలో మైనింగ్ ద్వారా పుట్టే నాణేలలో 20 శాతాన్ని వ్యవస్థాపకులకు, పెట్టుబడిదారులకు, ఉద్యోగులకు కేటాయించింది. నిధుల కొరత తీరింది గానీ, ఆ వాటా గడువు ముగిసే వేళ తరువాత ఎవరికి ఎంత అన్న వాదోపవాదాలు చాలా కాలం సాగాయి. మొనీరో అనే మరో నాణెంలో అలాంటి వాటా లేదు. పని చేయదలచినవారు తమ ప్రతిపాదనను, కావలసిన మొత్తాన్ని బహిరంగంగా పెడితే ఇష్టమైనవారు చందాలు ఇస్తారు. ఈ పద్ధతి నాకు మనసుకు దగ్గరైనది, అయితే దాని బలహీనతను దాచను. 2023 సెప్టెంబరులో ఆ చందాల వాలెట్‌ను ఎవరో ఖాళీ చేసి సుమారు 2,675 మొనీరోలు ఎత్తుకుపోయారు. సంస్థ లేదన్నంత మాత్రాన పెట్టె తాళం ఎవరి దగ్గరా లేదని కాదు.

కోర్టు వ్యవహారాలకు, పేరు హక్కులకు చట్టబద్ధమైన సంస్థ ఉంటే సులువు. దాని కోసం చిన్నది చాలు.

రాత్రిబడి (ప్రశ్న అడిగినవారు)

అందరికీ ధన్యవాదాలు. మూతపడితే ఏమవుతుందన్న పరీక్షను మా నలుగురి మీదే పెట్టి చూశాను. ఫౌండేషన్ లేకుండానే మేము ఓడిపోయాము. సంతకపు కీ ఒక్కరి దగ్గర ఉంది, వెబ్‌సైట్ పేరు నా ఖాతాలో ఉంది. అంటే కేంద్రం ఇప్పటికే ఉంది, అది రాతపూర్వకంగా లేదు, అంతే. దీన్ని ముందుగా ఎలా సరిచేయాలి?

సమాధానం 4 (నోడ్‌కాపరి)

ముందు కీ సంగతి చూడండి, ఫౌండేషన్ సంగతి తరువాత. బిట్‌కాయిన్ ప్రధాన సాఫ్ట్‌వేర్ అయిన బిట్‌కాయిన్ కోర్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు నేను నా నోడ్‌లో పెట్టే ముందు చేసే పని ఇది. ఒకరికొకరు సంబంధం లేని చాలామంది అదే సోర్స్ కోడ్ నుంచి తమ తమ కంప్యూటర్లలో ప్రోగ్రామ్‌ను విడివిడిగా తయారు చేసి, వచ్చిన హ్యాష్ విలువల (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్యల) జాబితా మీద సంతకాలు చేస్తారు. కోడ్ ఒకటే అయితే అక్షరం పొల్లు పోకుండా అందరికీ ఒకే విలువ వస్తుంది. నేను దించుకున్న ఫైలు హ్యాష్‌ను ఆ జాబితాతో పోల్చి, కనీసం నలుగురి సంతకాలు సరిపోతేనే ముందుకు వెళ్తాను. మీ సాఫ్ట్‌వేర్‌కు ఇలాంటి ఏర్పాటు చేయడానికి కొన్ని వారాల శ్రమ పడుతుంది, కానీ ఆ తరువాత ఎవరో ఒకరు ప్రయాణంలో ఉన్నారని సవరణ ఆగదు.

వెబ్‌సైట్ పేరును మాత్రం ఒకరి ఖాతాలో ఉంచకండి. పద్దులు చూసేవాడు గారు చెప్పిన ఆ చిన్న సంస్థకు మొదటి ఆస్తిగా దాన్నే రాసివ్వవచ్చు.