"అడిగిన జీతం బియ్యని": ఇక్కడ ద్రుతం ఉన్నదా, లేదా?

కావలి మిత్రుడు:
ఒక పదవీ విరమణ సభలో వక్త, కొలువులో మాటలు పడుతున్న కుర్రవాళ్ళను ఉద్దేశించి, సుమతి శతకంలోని "వడిగల యెద్దులఁ గట్టుక" పద్యం ఎత్తుకుని, మగవాడికి ఇంతకు మించిన ఉపదేశం లేదన్నారు. రెండో పాదం దగ్గర వారు తడబడ్డారు, నాకూ గుర్తు రావడం లేదు. పాఠంతో పాటు, ఆ ఉపదేశానికి అంత విలువ ఉన్నదో లేదో కూడా పెద్దలు చెప్పగలరు.

మూలపేట, నెల్లూరు:
అడిగిన జీతం బియ్యని
మిడిమేలపు దొరనుఁ గొల్చి మిడుకుటకంటెన్
వడిగల యెద్దులఁ గట్టుక
మడి దున్నుక బ్రదుకవచ్చు మహిలో సుమతీ.

చిక్కంతా మొదటి మాటలోనే ఉన్నది. "అడిగిన" అన్నది జీతానికి విశేషణమైతే, కోరినంత ఇవ్వని ప్రతి దొరనూ విడిచిపొమ్మన్నట్టు అవుతుంది. చేదర్థకమైతే, అంటే "అడిగితే" అనే అర్థమిచ్చేదైతే, రావలసిన జీతం అడిగితే ఇవ్వనివాణ్ణి మాత్రమే విడవమన్నట్టు. మొదటిది తొందరపాటు, రెండోది న్యాయం. నా ఓటు రెండోదానికే.

కందుకూరు:
చేదర్థకం ద్రుతాంతం, అంటే "అడిగినన్" అని చివర నకారం ఉండాలి కదండీ, మరి ఆ ద్రుతమేదీ?

మూలపేట, నెల్లూరు:
సరళం (గ, జ, డ, ద, బ; ఇక్కడ "జీతం"లోని జ) పరమైనప్పుడు ద్రుతం లోపించవచ్చునని చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవారికి చెప్పనక్కరలేదు. సంశ్లేష చేస్తే, అంటే ద్రుతాన్ని తరువాతి హల్లుతో కలిపితే, నకారం గురువై గణం చెడుతుంది కనుక, కవికి లోపం తప్ప దారి లేదు. అచ్చు పరమైతే ద్రుతం దాగదు. ఇదే శతకంలో "ఎప్పుడు సంపద గలిగిన నప్పుడె" చూడండి.

కందుకూరు:
ఆ పద్యం ఈ కవికి చేదర్థకం వాడుక ఉన్నదని చెబుతుందే గాని, ఇక్కడ వాడాడని చెప్పదు. ఎదురుగా నేరుగా కుదిరే అన్వయం ఉండగా, కనిపించని ద్రుతాన్ని లోపింపజేసి మరీ దొరను కాపాడడం ఎందుకో నాకు బోధపడలేదు.

కనిగిరి:
నాకు అడ్డు తగిలేది "మడి". గట్లు వేసి నీరు పెట్టే నేలను మడి అంటాం. మా మెట్టలో కంది, పొగాకు చేలే గాని మళ్ళు తక్కువ. సొంత మడీ, ఎద్దుల జతా ఉన్నవాడు దొరను విడవడం సాహసమేమీ కాదు. కౌలుకు దున్నేవాడి సంగతి పద్యంలో లేదు, పెళ్ళాం పిల్లల ఊసూ లేదు. అందుకే కాబోలు కవి "బ్రదుకవచ్చు" అని ఊరుకున్నాడు, "మేలు" అనలేదు. వడిగల యెద్దులు మాత్రం మన ఒంగోలు జాతివేనని నా నమ్మకం.

దర్గామిట్ట, నెల్లూరు:
ఒంగోలు ఎద్దుకు బరువు లాగడంలో పేరు గాని వడిలో కాదు. కొలువు చేసే మగవాడికి ఉపదేశం కావాలంటే తిక్కన గారి విరాటపర్వంలో పాండవుల పురోహితుడు ధౌమ్యుణ్ణి వినాలి. రాజ్యం పోయి, దున్నుకోవడానికి మడి లేని అయిదుగురు అన్నదమ్ములకు, కొలువులో ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు నోరు విప్పాలో ఆయన చెబుతాడు. రాజు ఇంటికంటే అందమైన ఇల్లు కట్టుకోకూడదన్న మాట, నెల్లూరు రాజు మనుమసిద్ధి దగ్గర మంత్రిగా మెలగిన కవి నోట వచ్చిందంటే ఊరికే రాలేదు. ఆయన తెనిగించిన భారతం పదిహేను పర్వాలలోనూ నాకు ఆ పద్యాలే ముందు గుర్తుకొస్తాయి.

కావలి మిత్రుడు:
ఆ వక్త ఒకే కొలువులో చివరిదాకా ఉండి, పింఛనుతో దిగినవారే. ధౌమ్యుడి మాట పాటించి, సుమతి పద్యం మాకు వదిలారన్నమాట.

కందుకూరు:
తిక్కన గారి మీద నాకూ భక్తే గాని, "అడిగిన" ఇంకా తేలలేదు. అక్కడ ద్రుతానికి గుర్తుగా అరసున్నతో అచ్చయిన పాత ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పుట చూపగలరు.

మూలపేట, నెల్లూరు:
లోపించిందని నేను మొత్తుకుంటుంటే అరసున్న ఎక్కడి నుంచి వస్తుందండీ?