తాతగారి బర్మింగ్‌హామ్ డబుల్ బ్యారెల్ తుపాకికి తక్కువ పీడనపు తూటాలు ఎలా ఎంచుకోవాలి?

లంకవాసి, కృష్ణా జిల్లా:

అందరికీ నమస్కారం. మా తాతగారి 12 బోరు (బ్యారెల్ లోపలి వెడల్పు కొలత) డబుల్ బ్యారెల్ తుపాకి, ఆయన తర్వాత మా నాన్నగారి పేరున ఉండి, నిరుడు వారసత్వపు లైసెన్సు మీద నాకు వచ్చింది. దానితో వేటాడే ఉద్దేశం నాకు లేదు. తాతగారి చేతి చెమటకు నల్లబడ్డ ఆ కట్టెను అప్పుడప్పుడు భుజానికి ఆనించి, రేంజిలో పది మట్టి బిళ్లలు కొట్టి, నూనె రాసి మళ్లీ బీరువాలో పెట్టుకోవాలన్నదే నా కోరిక.

బ్యారెళ్లను విడదీసి, వాటి అడుగున చదునుగా ఉన్న భాగాన్ని కిరోసిన్ గుడ్డతో తుడిచి భూతద్దంతో చూశాను. కిరీటం గుర్తుల కింద బి.పి., బి.వి., ఎన్.పి. అన్న అక్షరాలు, వజ్రాకారపు గీతలో 12, దాని కింద సి అన్న అక్షరం, పక్కన 2½, 1⅛ అన్న అంకెలు కనిపించాయి. ఒక చిన్న వలయంలో మరో అక్షరం ఉంది కానీ అది బాగా అరిగిపోయింది.

పోయిన నెల ఒక దుకాణంలో తూటాలు అడిగితే, 12 బోరు అంటే 12 బోరే, ఏదైనా పడుతుందని చెప్పి 70 మిల్లీమీటర్ల పెట్టె చేతికిచ్చారు. తూటాలు ఛాంబర్లలో, అంటే బ్యారెళ్ల వెనుక వాటిని పెట్టే చోట, ఏ ఇబ్బందీ లేకుండా కూర్చున్నాయి కాబట్టి రెండు కాల్చాను. కాల్చిన తర్వాత మాత్రం తుపాకిని తెరవడానికి మోకాలికి ఆనించి నొక్కవలసి వచ్చింది. బయటికి వచ్చిన ఖాళీ కేసుల మూతులు ఎలుక కొరికినట్లు చీలికలై, ఒక పక్క సాగి పలచబడి ఉన్నాయి. మిగిలిన వాటిని కాల్చడానికి మనసు రాక ఇక్కడ అడుగుతున్నాను. ఈ తుపాకికి ఏ తూటా సరైనది? పోటీలకు వాడే 24 గ్రాముల తేలికపాటి తూటాలు సరిపోతాయా? తాతగారి ట్రంకు పెట్టెలో కాగితపు గొట్టాల పాత ఇంగ్లీషు కంపెనీ ఎలీ-కైనాక్ తూటాలు ఇరవై దాకా ఉన్నాయి, అవి పనికివస్తాయా?

మిడ్‌లాండ్స్ తెలుగు, ఇంగ్లండ్:

లంకవాసి గారూ, మీరు రెండు తూటాలతో ఆపడం చాలా మంచి పని. మీ తుపాకి పుట్టిన ఊరికి దగ్గరలోనే ఉంటూ, ఇలాంటి పాత తుపాకులనే ఇష్టపడి కాలుస్తున్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు గుర్తుల సంగతి చూద్దాం. ఇంగ్లండులో బ్యారెల్‌ను మామూలు తూటా కంటే ఎక్కువ పీడనంతో కాల్చి పరీక్షించిన తర్వాతే అమ్మాలన్న నియమం తరతరాలుగా ఉంది, ఆ పని చేసే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. మీ బ్యారెళ్ల మీది బి.పి., బి.వి. అక్కడి ప్రూఫ్, తనిఖీ ముద్రలు, ఎన్.పి. అంటే పొగ రాని నైట్రో మందుతో కూడా పరీక్ష నెగ్గిందని అర్థం. మీకు ఊరట కలిగించే ముద్ర ఇదే. 2½ అన్నది అంగుళాలలో ఛాంబర్ పొడవు, అంటే 63.5 మిల్లీమీటర్లు, తూటా పెట్టెల మీద దీన్నే 65 అని రాస్తారు. 1⅛ అన్నది ఔన్సులలో గరిష్ఠంగా వాడదగిన సీసపు గుళ్ల బరువు, అంటే సుమారు 32 గ్రాములు. ఛాంబర్ పొడవును ఇలా చెక్కడం 1925 నియమాలతో వచ్చింది, 1954 తర్వాత పీడనాన్ని చదరపు అంగుళానికి ఇన్ని టన్నులని ముద్రించడం మొదలైంది. మీరు టన్నుల మాట ఎత్తలేదు కాబట్టి తుపాకి ఆ రెండు తేదీల మధ్యది అయి ఉండాలి. అరిగిపోయిన వలయంలోని అక్షరం పరీక్ష జరిగిన సంవత్సరాన్ని చెప్పేది. పక్కనుంచి టార్చి వెలుగు ఏటవాలుగా పడేలా చేసి చూడండి, ఒక్కోసారి అక్షరం నీడలో తేలుతుంది.

ఇప్పుడు మీ ఖాళీ కేసుల దగ్గరికి వద్దాం. తూటా పెట్టె మీద రాసే 70 అన్న అంకె, కాల్చిన తర్వాత మూతి మడత విచ్చుకున్న కేసు పొడవు. కాల్చక ముందు ఆ మడత వల్ల తూటా దాదాపు 58 మిల్లీమీటర్లే ఉంటుంది, అందుకే 65 ఛాంబర్‌లోకి ఏ అడ్డూ లేకుండా జారిపోతుంది, దుకాణంలో మిమ్మల్ని మోసం చేసిన కొలత అదే. ఛాంబర్ ముగిసిన చోట బ్యారెల్ గరాటులా సన్నబడుతుంది. మడత విచ్చుకునేటప్పుడు చివరి 5 మిల్లీమీటర్లు ఆ గరాటులో ఇరుక్కుని దారిని ఇంకా ఇరుకు చేస్తాయి. వెనుకనుంచి మందు మండుతుంటే గుళ్లూ, వాటికీ మందుకూ మధ్య ఉండే వాడ్డూ ఆ ఇరుకులోంచే దూసుకుపోవాలి కాబట్టి పీడనం పెరుగుతుంది. మీరు చూసిన చీలికలు ఆ ఒరిపిడి గుర్తులే.

24 గ్రాముల తూటా గురించి మీరు అడిగిన ప్రశ్నే అన్నిటికంటె ముఖ్యమైనది, ఎందుకంటే ఇంగ్లండులో కూడా చాలామంది ఇక్కడే పొరబడతారు. తుపాకి భుజాన్ని తన్నడం వేరు, ఛాంబర్ గోడ మీద పడే పీడనం వేరు. తన్ను ఎంత ఉంటుందన్నది ముందుకు వెళ్లే గుళ్ల బరువు, వాటి వేగం, తుపాకి బరువు నిర్ణయిస్తాయి. పీడనం ఎంత ఎత్తుకు లేస్తుందన్నది మాత్రం ప్రధానంగా మందు ఎంత త్వరగా మండుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. తేలిక గుళ్లను చాలా వేగంగా విసరడానికి త్వరగా మండే మందు వేసినప్పుడు భుజానికి హాయిగానే ఉంటుంది కానీ ఛాంబర్‌లో పీడనం నిట్టనిలువుగా లేస్తుంది. నిదానంగా మండే మందు వేసిన 30 గ్రాముల తూటా భుజాన్ని కొంచెం గట్టిగా నెట్టినా, బ్యారెల్‌కు అదే సుఖం కావచ్చు. పోటీల తూటాలు సాధారణంగా 70 మిల్లీమీటర్ల కేసులలోనే వస్తాయి కాబట్టి మీ తుపాకికి అవి రెండు విధాలా తగవు.

సంఖ్యలలో చెప్పాలంటే, బ్రిటన్ 1980లో చేరిన యూరప్ ప్రూఫ్ సంఘమైన సి.ఐ.పి. మామూలు 12 బోరు తూటాకు పెట్టిన హద్దు 740 బార్, అంటే చదరపు అంగుళానికి సుమారు 10,700 పౌండ్లు. ఎక్కువ శక్తి గల తూటాలకు అదే సంఘం 1,050 బార్ వరకు అనుమతిస్తుంది, అవి మన పాత తుపాకుల దరికి కూడా రాకూడదు. పాత ముద్రల మీది టన్నులను నేరుగా ఈ సంఖ్యలలోకి గుణించి పోల్చకండి. అప్పట్లో లోహపు ముక్క ఎంత నలిగిందో చూసి పీడనం కట్టేవారు, ఆ పద్ధతిలో అసలు పీడనం కంటే తక్కువ పలుకుతుంది.

కాబట్టి మీరు వెతకవలసిన తూటా ఇది: పెట్టె మీద 65 మిల్లీమీటర్లు లేక 2½ అంగుళాలు అని స్పష్టంగా ఉండాలి, గుళ్లు 28 నుంచి 30 గ్రాముల లోపు ఉండాలి, గుళ్లు సీసానివి కావాలి. ఉక్కు గుళ్లు వద్దు. అవి నలగవు కాబట్టి పలుచని పాత బ్యారెల్‌నూ దాని మూతి దగ్గర సన్నబడే చోక్‌నూ పాడుచేస్తాయి. నీటి పక్షుల వేటలో సీసాన్ని నిషేధించిన చోట్ల పాత తుపాకుల వాళ్లు ఉక్కు కంటే మెత్తనైన బిస్మత్ లోహపు గుళ్లు వాడతారు.

వీటన్నిటికంటె ముందు ఒక పని చేయాలి. ముద్ర వేసిన రోజున బ్యారెల్ ఎలా ఉందో ప్రూఫ్ ముద్ర చెబుతుంది, ఈ రోజున ఎలా ఉందో చెప్పదు. తొంభై ఏళ్లలో తుప్పు గోకి, మెరుగు పెట్టి, లోపల ఎంత అరగదీశారో కొలిస్తేనే తెలుస్తుంది. ఇక్కడ సాధారణంగా గోడ మందం అత్యంత పలుచని చోట కూడా అంగుళంలో వెయ్యింట 20 వంతులకు, అంటే అర మిల్లీమీటరుకు తగ్గకూడదని చూస్తారు.

పల్నాటి రైతు:

పెద్దలు ఇంత భయపెట్టనక్కరలేదని నా అభిప్రాయం. మా ఇంట్లో కూడా ఇలాంటి ఇంగ్లీషు తుపాకే ఉంది. మా నాన్న ముప్పై ఏళ్ల పాటు దొరికిన 70 మిల్లీమీటర్ల తూటాలే కాల్చారు, బ్యారెల్ పగలలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. 65 దొరకని చోట మనిషి ఏం చేయాలో కూడా చెప్పాలి కదా.

రిటైర్డ్ సుబేదార్, సికింద్రాబాద్:

రైతు తమ్ముడూ, నీ మాటను నేను కాదనను. పగలని బ్యారెళ్లే ఎక్కువ. అయితే ఇలాంటి తుపాకులు ఒక్క రోజున పగిలి కాదు, కొద్దికొద్దిగా వదులై పోతాయి. మీ నాన్నగారి తుపాకి ఇంట్లోనే ఉంటే ఒకసారి ఇలా చూడు. ఖాళీగా ఉందని రెండు సార్లు నిర్ధారించుకుని, ముందు కట్టె తీసేసి, తుపాకిని మూసి, కట్టె మెడ దగ్గర పట్టుకుని బ్యారెళ్లను అటూ ఇటూ కదిపి చూడు. తర్వాత దీపానికి ఎదురుగా పెట్టి, బ్యారెళ్ల వెనుక భాగానికీ అవి వచ్చి మూసుకునే ఇనుప భాగమైన యాక్షన్ గోడకూ మధ్య వెలుగు సన్నగా గీతలా కనిపిస్తుందేమో చూడు. కట్టె యాక్షన్‌లోకి దూరే చోట, కట్టెలోకి వెళ్లే ఇనుప నాలుకైన పై తోకకు రెండు పక్కలా వెంట్రుక వాసి పగుళ్లు ఉన్నాయేమో గోటితో తడిమి చూడు. నా దగ్గరికి బాగు చేయించమని తెచ్చిన పాత ఇంగ్లీషు తుపాకులలో సగానికి పైగా ఈ మూడింటిలో ఏదో ఒకటి కనిపించేది, ఇంటివాళ్లు మాత్రం ఏమీ కాలేదనే చెప్పేవారు.

లంకవాసి బాబూ, ఇక మన దేశపు సంగతులు చెబుతాను. ఇక్కడ దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది ఖడ్కీ ఫ్యాక్టరీ తూటా. పెట్టె రంగునో పేరునో చూసి తీసుకోవద్దు, మిల్లీమీటర్ల అంకెను నీ కళ్లతో చదివి తీసుకో. 65 లేకపోతే తెప్పించమని చెప్పి ఆగు. తక్కువ పీడనపు తూటా ఇంట్లోనే నింపుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. నీ లైసెన్సు తుపాకి ఉంచుకోవడానికీ, అందులో రాసిన సంఖ్య మేరకు తూటాలు కొనుక్కోవడానికీ మాత్రమే. తూటా తయారీకి 1959 ఆయుధాల చట్టం కింద వేరే లైసెన్సు ఉండాలి. కొలతలు తెలియకుండా నింపిన తూటా ఏ చట్టమూ లేకపోయినా ప్రమాదమే.

ఛాంబర్‌ను 70కి తొలిపించుకోమని చెప్పేవారు కూడా ఎదురవుతారు. గోడ ఎక్కువ మందం ఉండవలసిన చోటనే లోహాన్ని తీసేయడం అది. తొలిచిన తర్వాత మళ్లీ ప్రూఫ్ పరీక్ష చేయించకపోతే, ఆ పాత ఎన్.పి. ముద్ర ఇక ఆ బ్యారెల్‌కు వర్తించదు.

ట్రంకు పెట్టెలోని కాగితపు తూటాలను కాల్చవద్దు. కోస్తా తేమకు ఆ గొట్టాలు ఉబ్బి ఉంటాయి, ఇత్తడి అడుగున పచ్చని చిలుము పట్టి ఉంటుంది, క్యాప్ ఆలస్యంగా పేలవచ్చు, సగం మండిన మందుతో వాడ్డు బ్యారెల్ మధ్యలో ఆగిపోవచ్చు. అది చూసుకోకుండా రెండో తూటా కాల్చితే ఎంత మంచి బ్యారెల్ అయినా ఉబ్బుతుంది లేదా పగులుతుంది. ఎక్కువ బ్యారెళ్లు పగిలేది ఇలా అడ్డం పడినప్పుడే. చాలా కాలం మూలన పెట్టిన తుపాకిలో కందిరీగ మట్టిగూడు కట్టినా ఇదే జరుగుతుంది, అందుకే కాల్చే ప్రతిసారీ ముందు బ్యారెల్ లోంచి ఆకాశం చూడడం అలవాటు చేసుకో. 12 బోరు కంటే సన్నదైన 20 బోరు తూటాను 12 బోరు తూటాలతో ఒకే సంచిలో ఎప్పుడూ వేయవద్దు. అది ఛాంబర్ దాటి జారి లోపల ఇరుక్కుంటుంది, పైన ఖాళీగా కనిపించి 12 తూటా పెడతాం. 20 బోరు కేసులను పసుపు రంగులో చేయడానికి కారణం ఇదే.

పెన్సిల్వేనియా నుంచి ఒక సభ్యుడు:

నా దగ్గర ఎల్.సి. స్మిత్ అనే పాత అమెరికన్ డబుల్ బ్యారెల్ తుపాకి ఉంది, కాబట్టి అమెరికాలో ఉన్న మన వాళ్ల కోసం రెండు మాటలు చేర్చుతాను. ఇక్కడ ఇంగ్లండులోలా చట్టప్రకారం వేసే ప్రూఫ్ ముద్రలు ఉండవు, అందువల్ల బ్యారెల్ అడుగున చదవడానికి పెద్దగా ఏమీ దొరకదు, గేజ్ పెట్టి కొలిపించడమే దారి. పాత అమెరికన్ 12 గేజ్ (బోరునే ఇక్కడ గేజ్ అంటారు) తుపాకులలో 2⅝ అంగుళాల ఛాంబర్లు, 16 గేజ్‌లో 2 9/16 అంగుళాల ఛాంబర్లు తరచుగా కనిపిస్తాయి. ఇక్కడి తయారీదారుల సంఘం 2¾ అంగుళాల 12 గేజ్ తూటాకు పెట్టిన హద్దు చదరపు అంగుళానికి 11,500 పౌండ్లు, అంటే మిడ్‌లాండ్స్ గారు చెప్పిన యూరప్ హద్దు కంటే ఎక్కువే. సూపర్ మార్కెట్‌లో దొరికే పెట్టె మీద పీడనం రాసి ఉండదు. పాత తుపాకుల కోసమే 2½ అంగుళాల తూటాలు చేసే చిన్న సంస్థలు ఉన్నాయి, ధర ఎక్కువైనా నేను వాటినే కొంటాను. డమాస్కస్ బ్యారెల్, అంటే ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి చుట్టి అతికిన బ్యారెల్ ఉన్నవారు, నైట్రో ప్రూఫ్ ముద్ర లేకపోతే కొత్త తూటా ఏదీ వాడకండి, ఎంత తక్కువ పీడనం అని రాసినా సరే.

లంకవాసి, కృష్ణా జిల్లా:

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు ఆగి, కొలతలు చేతికి వచ్చిన తర్వాత రాస్తున్నాను. సుబేదార్ గారు చెప్పినట్లు కట్టె మెడ దగ్గర తడిమితే కుడి పక్క చిన్న పగులు తగిలింది. అది పాతదో, నేను కాల్చిన ఆ రెండు తూటాల వల్ల వచ్చిందో నాకు తెలియదు, ఆ మాటే రోజూ మనసులో మెదులుతోంది. హైదరాబాదులో పెద్దవయసు మెకానిక్ ఒకరు గేజ్ పెట్టి రెండు ఛాంబర్లూ 65 మిల్లీమీటర్లే అని తేల్చారు. బ్యారెల్ గోడ అత్యంత పలుచని చోట ఎడమ దానిలో 0.7, కుడి దానిలో 0.65 మిల్లీమీటర్లు ఉంది. బ్యారెళ్లను వేలికి తగిలించి చెక్క పిడితో తట్టితే గుడి గంటలా మోగాయి, రెండు బ్యారెళ్లను కలిపే పట్టీ అయిన రిబ్ ఎక్కడా ఊడలేదని దానికి అర్థమట. ఆ మోత మా అబ్బాయి ఫోనులో రికార్డు చేసుకున్నాడు.

కట్టె పగులుకు జిగురు పట్టించి మేకు వేయడానికి తుపాకిని లైసెన్సు కాగితాలతో సహా అక్కడే అప్పగించి రసీదు తీసుకున్నాను. మిగిలిన 70 మిల్లీమీటర్ల తూటాలను కొన్న దుకాణానికి తీసుకెళ్లి, లైసెన్సులో నమోదు సరిచేయించుకుని తిరిగి ఇచ్చేశాను. చీలిన ఆ రెండు ఖాళీ కేసులను కూడా వారి బల్ల మీద పెట్టి, 2½ ముద్ర ఫోటో పక్కన చూపించాను. దుకాణదారు కాసేపు చూసి, వచ్చే సరుకులో 65 తెప్పిస్తానని పుస్తకంలో రాసుకున్నారు. తాతగారి కాగితపు తూటాలను ఎలా అప్పగించాలో స్టేషనులో అడిగి ఆ పని చేయబోతున్నాను.